ఆఖరి షటిల్ దిగే రోజు మా బడి పిల్లలకు శాండ్రా మాగ్నస్ గురించి చెప్పాలని ఉంది, సలహా ఇస్తారా?

చంద్రగిరి సైన్స్ టీచర్ | 2011 జూలై 16, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. తిరుపతి పక్కన ఒక బాలికల హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

అమెరికా వాళ్ల స్పేస్ షటిల్ అట్లాంటిస్ ఇప్పుడు పైన ఉంది. అంతా అనుకున్నట్టు జరిగితే వచ్చే గురువారం 21న, మన టైం ప్రకారం మధ్యాహ్నం 3.27కి ఫ్లోరిడాలో దిగుతుంది. దాంతో షటిళ్ల పని అయిపోయినట్టే. మొదటిది 1981 ఏప్రిల్ 12న లేచింది, ఇది 135వది. ఇందులో ఉన్నది నలుగురే. వాళ్లలో ఒకావిడ శాండ్రా మాగ్నస్. 3.27 అంటే మాకు ఆఖరి పీరియడ్ ముందుది. తొమ్మిదో తరగతి, నా క్లాసే.

8వ తేదీ రాత్రి అది లేవడం ఇంట్లో కంప్యూటర్లో చూశాను. లేవడానికి ఇంకా 31 సెకన్లు ఉందనగా లెక్క ఆగిపోయింది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను, అటు పోలేను, ఇటు చూడలేను, ఒకటే టెన్షన్. ఇంధనం ఉండే పెద్ద ట్యాంకు నెత్తిన టోపీలా ఉండే గొట్టం పూర్తిగా పక్కకు జరిగిందో లేదో కెమెరాలో చూసుకుని, రెండు నిమిషాల తర్వాత వదిలారు. పాలు పొంగిపోయాయి.

సోమవారం క్లాసులో ఈ సంగతి చెబితే వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, "మేడం, ఈ బండి ఆపేస్తే ఇంక ఆడోళ్లు పైకి ఎట్ల పోతారు?" అని అడిగింది. రష్యా వాళ్ల సోయుజ్ ఉంది, అందులో మూడు సీట్లు ఉంటాయి అన్నాను. అది సగం జవాబే అని నాకు తెలుసు. 1963లో వాలెంతినా తెరెష్కోవా వెళ్లాక ఇంకో ఆడమనిషి పైకి వెళ్లడానికి 19 ఏళ్లు పట్టింది. ఆమె కూడా రష్యా ఆవిడే, సవీత్‌స్కాయా. మరుసటి ఏడు 1983లో శాలీ రైడ్ షటిల్ ఎక్కింది. అక్కడినుంచి వరస మొదలైంది. షటిల్లో ఏడుగురు కూర్చోవచ్చు. నడిపేవాళ్లు ఇద్దరు చాలు, మిగతా సీట్లకు డాక్టర్లు, ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు కావాలి. యుద్ధ విమానం నడిపినవాళ్లే రావాలన్న పట్టు అక్కడ సడలింది. ఆడవాళ్లు ఆ సీట్లలోనే లోపలికి వచ్చారు. ఇప్పుడు ఆ ఏడు సీట్ల బండే ఆగిపోతోంది. ఆ పిల్ల అడిగింది చిన్న ప్రశ్న కాదు.

స్టాఫ్ రూంలో గురువారం కార్యక్రమం సంగతి ఎత్తాను. మా సోషల్ సార్ (నాకంటే చాలా సీనియర్, నాకు గౌరవం ఉన్న మనిషి) "మన కల్పనా చావ్లా ఉండగా ఈమె ఎవరమ్మా? ఏం మొదటిది చేసింది?" అన్నారు. అప్పటికప్పుడు నా నోట మాట రాలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది. మనం మొదటి ఆవిడకో, ప్రాణం పోగొట్టుకున్న ఆవిడకో తప్ప దండ వెయ్యం. మధ్యలో వెళ్లి, పని చేసి, క్షేమంగా తిరిగొచ్చిన ఆవిడ ఫొటో ఏ బడి గోడ మీదా ఉండదు. మా పిల్లల్లో మొదటివాళ్లు అయ్యేది ఎందరు? పని బాగా చేసేవాళ్లు కాగలిగింది మాత్రం అందరూ.

మాగ్నస్ పని చూడండి. ఈ ట్రిప్పులో అట్లాంటిస్ ఒక ఏడాదికి సరిపడా సామాను తీసుకెళ్లింది, నాలుగు టన్నుల పైచిలుకు. ఏ మూట అంతర్జాతీయ అంతరిక్ష స్టేషన్లో ఎక్కడికి పోవాలి, పాత సామాను ఏది ఎక్కడ సర్దుకుని కిందికి తేవాలి, ఈ లెక్కంతా ఆమె చేతిలో ఉంది. పెళ్లింట్లో సామాన్ల గది తాళంచెవి కొంగున ముడేసుకున్న పెద్దమ్మను తలచుకోండి. ఆమె లేకపోతే పెళ్లి నడవదు. ఫొటోలో మాత్రం ఆమె ఉండదు. ఈ మాగ్నస్ ఫిజిక్స్ చదివి, ఎలక్ట్రికల్‌లో మాస్టర్స్ చేసి, పదార్థ విజ్ఞానంలో డాక్టరేట్ తీసుకున్న మనిషి. 2008-09లో నాలుగున్నర నెలలు స్టేషన్లో కాపురం చేసింది.

అప్పుడు అక్కడ వంట కూడా చేసింది! పొయ్యి లేదు, బాణలి లేదు. ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు చిన్న కత్తితో తరిగి, ఆలివ్ నూనెతో రేకు సంచిలో వేసి, పొట్లాలు వెచ్చబెట్టుకునే పెట్టెలో గంటల తరబడి ఉంచి మగ్గబెట్టేదట. ఆమె తన డైరీలో రాసుకుంది, నాసా వాళ్ల సైటులో ఉంది. మా పిల్లలు ఈ ఒక్క ముక్క వింటే చాలు, ఆమె వాళ్ల మనిషైపోతుంది.

నాకు కావలసిన సాయం: మధ్యాహ్నం కరెంటు కోత ఉన్నా 43 మందికి దిగడం ఎలా చూపించను? సోషల్ సార్‌కి ఏం చెప్పను? అన్నిటికంటే ముఖ్యం, ఆ పిల్లకు ఏం చెప్పను?

---

సూళ్లూరుపేట తాతయ్య | జూలై 17, ఉదయం 6.15

అమ్మా, షార్‌లో (శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో) ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ పోస్టు పొద్దున్నే చదివాను.

ముందు మీ సోషల్ సార్ మాట తీసుకుంటాను. కల్పన వేరు, మాగ్నస్ వేరు అనుకోవద్దని చెప్పండి. మాగ్నస్ మొదటి ప్రయాణం 2002 అక్టోబరులో, ఇదే అట్లాంటిస్ మీద. ఆ లేవడంలో పెద్ద ట్యాంకు మీది ఫోమ్ (లోపలి చల్లదనం పోకుండా వేసే గట్టి నురుగు పూత) ముక్క ఒకటి ఊడి, పక్క రాకెట్ అడుగున తగిలి సొట్ట పెట్టింది. ప్రాణాపాయం కాలేదు. సరేలే, తర్వాత చూద్దాం అనుకున్నారు. నవంబరులో ఇంకో షటిల్ వెళ్లొచ్చింది. ఆ తర్వాతది కల్పన ఎక్కిన కొలంబియా, 2003 జనవరి 16. ట్యాంకు మీద అదే చోటు నుంచి మళ్లీ ఫోమ్ ఊడింది. లేచిన 82వ సెకనులో ఎడమ రెక్క అంచుకు కొట్టింది. ముక్క బరువు ముప్పావు కిలో ఉంటుందేమో, అంతే. రెక్కకు చిల్లు పడింది. పైన ఉన్న పదహారు రోజులూ ఏమీ కాలేదు. ఫిబ్రవరి 1న దిగేటప్పుడు ఆ చిల్లు లోంచి నిప్పులాంటి గాలి దూరింది.

నేను ఉద్యోగమంతా వాల్వులు, సీళ్లు చూసినవాణ్ణి. "పోయినసారి ఏం కాలేదు కదా" అన్న మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. మాగ్నస్ ప్రయాణంలో వచ్చిన హెచ్చరికను పట్టించుకుని ఉంటే కల్పన ప్రయాణం మరోలా ఉండేది. ఈ సంగతంతా తెలిసిన మాగ్నస్ 2008లో మళ్లీ ఎక్కింది. ఇప్పుడూ ఎక్కింది. ఈసారి నలుగురే ఎందుకంటే, ఏదైనా తేడా వస్తే తీసుకురావడానికి వెనకాల ఇంకో షటిల్ సిద్ధంగా లేదు. సోయుజ్‌లో ఒక్కొక్కరుగా దిగాలి, ఆఖరివాళ్లు దిగేసరికి ఏడాది పట్టొచ్చు. ఆ లెక్క ఒప్పుకునే వెళ్లారు.

ఇంకో మాట. కొలంబియా పోయాక రెండున్నరేళ్లు షటిళ్లు ఆపేసి, 2005 జూలైలో మళ్లీ మొదలుపెట్టినప్పుడు కమాండర్ ఎవరు? ఐలీన్ కాలిన్స్, ఆడమనిషే.

ఇక ఆ పిల్ల ప్రశ్న. మొన్న శుక్రవారం సాయంత్రం 4.48కి మా శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ రాకెట్ లేచింది కదా. మబ్బు లేకుంటే మీ మిద్దె మీద నుంచి కూడా పొగ గీత కనబడి ఉంటుంది. అందులో పోయిన జీశాట్-12 ఉపగ్రహం ప్రాజెక్టు డైరెక్టర్ టి.కె. అనురాధ. ఆ 1410 కిలోల ఉపగ్రహాన్ని ఇప్పుడు కర్ణాటకలోని హాసన్ నియంత్రణ కేంద్రం నుంచి కొంచెం కొంచెంగా పై కక్ష్యకు ఎక్కిస్తున్నారు. అట్లాంటిస్ పైన ఉన్న ఈ పన్నెండు రోజుల్లోనే ఇదీ జరిగింది. మీ బడికి నూరు కిలోమీటర్ల దూరంలో. పైకి వెళ్లే బండి ఒక్కటే కాదని ఆ పిల్లకు చెప్పండి.

---

పద్మావతి వర్సిటీ ఎమ్మెస్సీ | జూలై 17, మధ్యాహ్నం 1.05

మేడం, మీ పిల్లలంటే నాకు కుళ్లుగా ఉంది, మా బడిలో ఇలాంటివి ఎవరూ చూపించలేదు.

చూపించే సంగతి చెబుతాను. నెట్ మీద పూర్తిగా ఆధారపడకండి. లాప్‌టాప్ బ్యాటరీ నిండుగా పెట్టుకోండి, డేటా కార్డు ఇంకొకటి అప్పు తెచ్చుకోండి, సౌండుకు బ్యాటరీ స్పీకర్ పెట్టండి. 43 మందికి చిన్న తెర చాలదు కాబట్టి వినడం ముఖ్యమవుతుంది. అక్కడ అప్పటికి తెల్లవారుజామున ఆరు కూడా కాదు, ఇంకా సూర్యోదయం కాదు. చీకట్లో దిగుతుంది. పిల్లలు తెల్లటి విమానం వస్తుందని ఎదురుచూసి నిరాశపడతారు, ముందే చెప్పండి.

దిగేదానికి గంట ముందు, మన 2.20 ప్రాంతంలో, ఇంజిన్లు ఎదురుదిక్కున మండించి వేగం తగ్గిస్తారు. ఆ తర్వాత వెనక్కి తిరగడం లేదు. రన్‌వే మీదికి ఇంజిన్ లేకుండానే, గాలిపటం తెగి జారినట్టు జారుతూ వస్తుంది, ఒక్కసారే అవకాశం. దాన్ని కాయితం గ్లైడర్‌తో చేసి చూపించొచ్చు. ముక్కుకు గుండుసూదులు గుచ్చి బరువు పెంచితే ఎంత ఏటవాలుగా దిగుతుందో పిల్లలే కొలుస్తారు. వాతావరణం బాగోకపోతే గంటన్నర తర్వాత ఇంకో చుట్టులో దించుతారు. అంటే ఐదింటికి. ఇళ్లలో ముందే చెప్పి ఉంచమనండి.

ఎర్రగడ్డల సంగతి చదివి ఆగలేకపోయాను. మీ బడిలో పెట్టె సోలార్ కుక్కర్ ఉందా? నల్ల గిన్నెలు, పైన అద్దం మూత ఉండేది? పొద్దున్నే అందులో రేకు పొట్లం పెట్టేయండి. అదీ మెల్లగానే మగ్గిస్తుంది, మాగ్నస్ పెట్టెలాగే.

నిరుడు ఏప్రిల్లో నలుగురు ఆడవాళ్లు ఒకేసారి పైన ఉన్నారు, షటిల్లో ముగ్గురు, స్టేషన్లో ఒకరు. ఆ ముగ్గురిలో ఒకావిడ హైస్కూల్ సైన్స్ టీచర్. ఇది మీకోసం రాస్తున్నాను.

---

చిత్తూరు నాన్న | జూలై 17, రాత్రి 10.30

టీచర్ గారూ, మీ పని మంచిదే. ఒక్క చోట మాత్రం నేను ఒప్పుకోను.

2003 ఫిబ్రవరి 1 శనివారం. రాత్రి ఏడున్నర దాటింది. భోజనాలకు కూర్చుంటే టీవీలో ఆకాశంలో విడివిడిగా పోతున్న తెల్లటి గీతలు చూపించారు. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. "ఆ అక్క ఎక్కడుంది నాన్నా?" అని అడిగింది. నేను టీవీ కట్టేశాను. మరుసటి రోజు పేపర్లో కల్పన ఫొటో కత్తిరించి తను పడుకునే గోడకు అన్నంతో అంటించుకుంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఇల్లు మారినా ఆ ఫొటో మారలేదు.

కాబట్టి మొదటి మనిషికి దండ వెయ్యడం తక్కువ పని అన్నట్టు రాయకండి. కర్నాల్ లాంటి ఊళ్లో పుట్టి వెళ్లింది అన్న ఆ ఒక్క ముక్కే మా ఇంట్లో లెక్కల పుస్తకం తెరిపించింది. మాగ్నస్ ఎంత గొప్పదైనా, ఆమె పుట్టిన ఊరికీ మా పిల్ల పుట్టిన ఊరికీ పోలిక లేదు. మన శ్రీహరికోట నుంచే 2002 సెప్టెంబరులో వెళ్లిన వాతావరణ ఉపగ్రహానికి తర్వాత కల్పన పేరు పెట్టారు. ఆ పేరు ఊరికే పెట్టలేదు కదా.

గోడ మీద ఇద్దరూ ఉండాలి. ముందు కల్పన.

---

చంద్రగిరి సైన్స్ టీచర్ | జూలై 18, రాత్రి 8.50

చిత్తూరు నాన్న గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీరన్నది నిజం, నేను తొందరపడి రాశాను. మొదటి మనిషి లేకుండా మధ్య మనిషి ఉండదు. కల్పన ఫొటో ముందు పెడతాను. మీ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి.

తాతయ్య గారూ, ఫోమ్ ముక్క సంగతి పొద్దున సోషల్ సార్‌కి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇద్దరిదీ ఒకే కథమ్మా" అని, చార్ట్ తానే రాస్తానన్నారు. ఆయన దస్తూరి మా బడిలో అందరికంటే బాగుంటుంది. అయితే పిల్లలకు ఇదంతా దిగే ముందు చెప్పను. దిగేదాకా భయపెట్టదలచుకోలేదు. చక్రాలు ఆగాక చెబుతాను.

సోలార్ కుక్కర్ ఉంది! ల్యాబ్ అటక మీద, అద్దానికి చిన్న బీటతో.

---

చంద్రగిరి సైన్స్ టీచర్ | జూలై 21, రాత్రి 9.15

దిగింది. అందరికీ మొదట అదే చెప్పాలి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పొద్దున తొమ్మిదిన్నరకు ఎర్రగడ్డ ఒకటి, తెల్లగడ్డ రెబ్బలు పది, నూనె రెండు చెంచాలు రేకులో చుట్టి కుక్కర్‌లో పెట్టి మైదానంలో వేపచెట్టు నీడ పడని చోట ఉంచాం. నీడ వచ్చినప్పుడల్లా జరపడానికి ఇద్దరేసి పిల్లలకు వంతులు వేశాను. ఆషాఢం కదా, పదకొండింటికి మబ్బు పట్టింది. ఇంక కాదనుకున్నాం. పన్నెండున్నరకు ఎండ మళ్లీ కాసింది.

మధ్యాహ్నం 2.50కి కరెంటు పోయింది. ఎమ్మెస్సీ అమ్మాయీ, నువ్వు చెప్పినట్టే బ్యాటరీ నింపి పెట్టుకున్నాను కాబట్టి బతికిపోయాం. వీడియో ఆగి ఆగి వచ్చింది. 43 మంది నేల మీద కూర్చున్నారు, పొడుగు పిల్లలు వెనక. కిటికీ తలుపులు మూసేసి, గది చీకటి చేశాం. ఉక్క. తెర మీద నల్లగా తప్ప ఏమీ లేదు. కంట్రోల్ రూం వాళ్ల మాటలు మాత్రం వినబడుతున్నాయి, నాకు అర్థమైనంత తెలుగులో చెబుతున్నాను. ఎంత ఎత్తులో ఉందో, ఎంత వేగంతో వస్తోందో వాళ్లు చెబుతుంటే పిల్లలు బోర్డు మీద రాస్తున్నారు. ఒక్కసారిగా ఆకుపచ్చ రంగులో లైట్ల వరసలు రెండు కనిపించాయి, రన్‌వే అవి. అవి పైకి లేచినట్టుగా దగ్గరకొచ్చాయి. అప్పుడే వీడియో బిగుసుకుపోయింది.

ఆ కొన్ని సెకన్లూ గదిలో గాలి కదల్లేదు. మళ్లీ వచ్చేసరికి చక్రాలు నేల మీద ఉన్నాయి, వెనక పారాచూట్ విచ్చుకుని ఉంది. పిల్లల కేకలకు పక్క గది నుంచి ఎనిమిదో తరగతి వచ్చేసింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

తర్వాత సోషల్ సార్ చార్ట్ విప్పారు. పైన కల్పన, కింద మాగ్నస్. ఆయన అక్కడే నిలబడి మూడు ప్రయాణాల తేదీలు, 2002 అక్టోబరు, నవంబరు, 2003 జనవరి, వేలితో చూపిస్తూ ఫోమ్ ముక్క కథ ఆయనే చెప్పారు. నేను చెప్పిన దానికంటే బాగా చెప్పారు. ఒక పిల్ల, "మొదటిసారే ఆపి ఉండొచ్చు కదా సార్" అంది. "ఆపి ఉండాలి" అన్నారు.

కుక్కర్ తెరిచే పని వెనక బెంచీ పిల్లకే ఇచ్చాను. రేకు విప్పగానే తెల్లగడ్డ వాసన వరండా అంతా పరుచుకుంది. ఎర్రగడ్డ అంచులు మెత్తబడి బంగారు రంగుకు తిరిగాయి, లోపలి పొర మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. ఆరు గంటలు పట్టింది మరి. తలా ఒక చిన్న ముక్క, మధ్యాహ్నం మిగిలిన అన్నం ముద్దలో పెట్టి ఇచ్చాం. సోషల్ సార్ కూడా తిన్నారు.

ఆ పిల్లకు నా జవాబు ఇంకా పూర్తి కాలేదు. జీశాట్-12 గురించి, అనురాధ గారి గురించి చెప్పాను. షటిల్ మొదటి ప్రయాణంలో వెళ్లొచ్చిన చిన్న అమెరికా జెండాను ఈసారి స్టేషన్లో వదిలి వచ్చారనీ, అమెరికా నేల నుంచి మళ్లీ లేచి వెళ్లే మొదటివాళ్లు దాన్ని తెచ్చుకోవాలనీ చెప్పాను. "ఎప్పుడు పోతారు మేడం?" అంది. ఇంకా బండి తయారవుతోంది అన్నాను. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. ఏం లెక్క అని నేను అడగలేదు.

తాతయ్య గారూ, పిల్లలు మిమ్మల్ని ఒకటి అడగమన్నారు. తర్వాతి పీఎస్ఎల్వీ ఎప్పుడో తెలియగానే చెప్పండి. పులికాట్ రోడ్డు మీద 43 మంది నిలబడి చూడటానికి చోటు ఎక్కడ బాగుంటుంది? బస్సు మాట్లాడటం నా వంతు, ఇళ్లలో ఒప్పించడం సోషల్ సార్ వంతు అని ఈ సాయంత్రమే పంచుకున్నాం.

---

సూళ్లూరుపేట తాతయ్య | జూలై 22, ఉదయం 5.50

తేదీ తెలిసిన రోజే రాస్తానమ్మా. నీళ్ల సీసాలు, గొడుగులు తెచ్చుకోండి, ఆ రోడ్డు మీద చెట్టు నీడ ఉండదు. మాది పేటలోనే ఇల్లు, 43 మందికీ మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. ఎర్రగడ్డలు నేను తరుగుతాను.